తాగుడు మానేవారి మీటింగులు: పద్ధతి వేరు, రకం వేరు, గది వేరు

"ఒకసారి వెళ్లొచ్చాను, అది మనకు పడేది కాదు." తాగుడు మానే ప్రయత్నంలో ఉన్నవారి నోట మీటింగుల గురించి తరచుగా వినపడే మాట ఇది. కాస్త ఆరా తీస్తే ఒక్కొక్కరికి పడనిది ఒక్కొక్కటని తెలుస్తుంది. ఒకరికి చివర్లో చేసిన ప్రార్థన పడలేదు. ఇంకొకరు వెళ్లిన రోజున పాత సభ్యులు మానే దారిలోని పన్నెండు మెట్లలో నాలుగోదాని గురించి లోతుగా మాట్లాడుకుంటున్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడోవారికి అన్నీ నచ్చాయి గానీ ఒకాయన అరగంట సేపు మైకు వదల్లేదు. ముగ్గురూ అన్నది ఒకే మాట. నిజానికి మొదటివారికి కుదరనిది పద్ధతి, రెండోవారికి కుదరనిది ఆ మీటింగ్ రకం, మూడోవారికి కుదరనిది ఆ గది మాత్రమే. ఈ మూడింటినీ కలిపేసి చూడటం వల్ల చాలామంది ఒక్క సాయంత్రంతో తలుపు మూసేసుకుంటున్నారు.

## మీటింగ్ కంటే ముందు డాక్టరు

చాలాకాలంగా రోజూ ఎక్కువ మోతాదులో తాగుతున్నవారు ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. మద్యం మెదడు వేగాన్ని అణచిపెడుతూ ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. మద్యం ఆగిపోగానే అణచేది ఉండదు, పెరిగిన ఉద్రేకం మాత్రం అలాగే ఉంటుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం సుమారు 6 నుంచి 48 గంటల మధ్య. కొందరిలో 48 గంటలు దాటాక డెలిరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఎక్కడున్నారో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

గదిలో ఎంత అనుభవజ్ఞులున్నా ఆ మొదటి నాలుగైదు రోజుల పని వాళ్ల చేతిలో లేదు. పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగాల్సి వస్తున్నవారు, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు, గుండె, కాలేయ జబ్బులున్నవారు వైద్యుల పర్యవేక్షణలో మానాలి. అక్కడ వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే మందులు, విటమిన్ బి1 ఇస్తారు. మంచం మీద నుంచే ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ మీటింగ్ వినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. రెండూ ఒకేసారి మొదలుపెట్టవచ్చు.

## పద్ధతి: గ్రూపు దేన్ని నమ్ముతుంది?

సహాయక బృందం అంటే ఒకే ఇబ్బంది ఉన్నవారు క్రమం తప్పకుండా కలుసుకుని, ఒకరి అనుభవం ఒకరు వినే చోటు. డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ అక్కడ ఉండాల్సిన పని లేదు. అందరికీ తెలిసిన పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ అనేది ఏఏ. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడు బాధితులే. ఎవరు చెప్పినా చెవికెక్కని మాట, అదే బాధ పడ్డ ఇంకో మనిషి చెబితే ఎక్కుతుందన్నది వాళ్లకు కలిగిన అనుభవం. 1939లో తమ పద్ధతిని పన్నెండు మెట్లుగా అచ్చువేశారు. చేరడానికి ఒక్కటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలన్న షరతు కూడా లేదు. ఫీజు లేదు, ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు. కొత్తగా వచ్చినవారు ఏమీ వేయనక్కర్లేదు.

కొత్తవారిని తికమక పెట్టే విషయం ఒకటుంది. పన్నెండు మెట్లలో మద్యం ప్రస్తావన మొదటి మెట్టులోనూ చివరి మెట్టులోనూ తప్ప కనిపించదు. మధ్యలోని పది మెట్లూ మనిషి తన తప్పుల లెక్క రాసుకోవడం, ఇంకొకరి ముందు వాటిని ఒప్పుకోవడం, నొప్పించినవారికి నష్టం సరిచేయడం, ప్రార్థన, ధ్యానం గురించే. గ్లాసు పక్కన పెట్టడం ఒక్కటే చాలదు, గ్లాసు వైపు నెట్టే బతుకు తీరు మారాలన్నది ఏఏ వాదన. ఇది మనసుకు ఎక్కినవారికి ఆ పద్ధతి నప్పుతుంది. "నాకు ముందు ఈ సాయంత్రం ఎలా గడపాలో చెప్పండి" అనేవారికి మొదట్లో చిరాకుగా ఉంటుంది.

ఆ రెండో రకం వారికి దగ్గరగా ఉండేది 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ. దీనికి ఆధారం మనస్తత్వ శాస్త్రంలోని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల తీరును మార్చి ప్రవర్తనను మార్చే చికిత్స. మెట్లు ఉండవు, నాలుగు అంశాలుంటాయి: మానాలన్న పట్టుదల నిలుపుకోవడం, తాగాలనే తహతహను దాటడం, ఆలోచనలను, భావోద్వేగాలను, ప్రవర్తనను చక్కబెట్టుకోవడం, సమతూకమైన జీవితం. మీటింగ్ నడిపేది శిక్షణ పొందిన ఫెసిలిటేటర్. ఏఏలోలా కొత్తవారికి తోడుండే పాత సభ్యులు, అంటే స్పాన్సర్లు, ఉండరు. "నేను ఆల్కహాలిక్‌ని" అని పరిచయం చేసుకోవాల్సిన పని లేదు.

అక్కడ వాడే ఒక సాధనాన్ని దగ్గర నుంచి చూద్దాం. కాగితాన్ని నాలుగు గళ్లుగా మడుస్తారు. మొదటి గడిలో తాగితే వచ్చే లాభం, రెండో గడిలో తాగితే వచ్చే నష్టం, మూడో గడిలో మానితే లాభం, నాలుగో గడిలో మానితే నష్టం. మొదటి గడి ఖాళీగా వదలడానికి ఒప్పుకోరు. "తాగితే నిద్ర పడుతుంది, నలుగురిలో మాట వస్తుంది" అని నిజాయితీగా రాయాల్సిందే. రాశాక ప్రతి అంశం పక్కనా అది కాసేపటిదా, చాలాకాలం ఉండేదా అని గుర్తు పెడతారు. మొదటి గడిలోవి దాదాపు అన్నీ గంటల్లో ఆవిరయ్యేవనీ, మూడో గడిలోవి ఏళ్ల తరబడి నిలిచేవనీ రాసిన మనిషికే కనిపిస్తుంది. నాలుగో గడిలో "సాయంత్రాలు ఏం చేయాలో తోచదు" అని ఉంటే, మిగతా మీటింగ్ ఆ ఒక్క వాక్యం చుట్టూ నడవవచ్చు.

మిగతావి క్లుప్తంగా. విమెన్ ఫర్ సోబ్రైటీ 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ మొదలుపెట్టినది, స్త్రీలకు మాత్రమే. ఇప్పటికే సిగ్గుతో కుంగిపోయిన స్త్రీకి అహం తగ్గించుకోమనడం కంటే తన మీద తనకు గౌరవం పెంచడం అవసరమని దాని ఆలోచన. లైఫ్‌రింగ్‌లో దేవుడి ప్రస్తావన ఉండదు, మెట్లు ఉండవు. "ఈ వారం ఎలా గడిచింది?" అన్న ప్రశ్నతో సంభాషణ సాగుతుంది. రికవరీ ధర్మ బౌద్ధ ధ్యానం మీద నడుస్తుంది, మీటింగ్‌లో కొంతసేపు మౌనంగా కూర్చుంటారు. 1994లోనే వచ్చిన మోడరేషన్ మేనేజ్‌మెంట్ పూర్తిగా మానడం కాక తగ్గించుకోవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిది. అది కూడా మొదట 30 రోజులు పూర్తిగా ఆపి చూడమంటుంది, శరీరం మద్యానికి బానిసైనవారికి తాను సరిపోనని తనే చెబుతుంది. ఇంట్లోవాళ్లు తాగితే బాధపడే కుటుంబ సభ్యులకు అలనాన్ వేరుగా ఉంది. భర్త కోసం ఏఏ వెతికే భార్య నిజానికి తన కోసం వెతకాల్సింది దాన్నే.

## దేవుడి ప్రశ్న

ఏఏ గురించి ఎక్కువ గొడవ ఇక్కడే. మెట్లలో దేవుడి పేరు సూటిగానే ఉంది. అయితే రెండుచోట్ల "మనం అర్థం చేసుకున్న విధంగా" అన్న మాట చేర్చారు. దాన్ని పట్టుకుని గ్రూపునే తమకంటే పెద్ద శక్తిగా భావించుకునే నాస్తికులు ఏఏలో చాలామంది ఉన్నారు. నాస్తికులకూ సందేహవాదులకూ ప్రత్యేకంగా నడిచే ఏఏ గ్రూపులూ ఉన్నాయి. ఇది తెలివైన సర్దుబాటు అని ఒక వర్గం అంటుంది. పేరు మార్చినా లోపలున్నది మతమేనని ఇంకో వర్గం అంటుంది. "మద్యం ముందు మేం అశక్తులం" అన్న మొదటి మెట్టు మీదా ఇలాగే రెండు మాటలున్నాయి. పదేళ్లుగా "రేపటి నుంచి మానేస్తా" అంటూ ఓడిపోతున్న మనిషికి ఆ ఒప్పుకోలు భారం దించుతుంది. ఇంట్లోనూ బయటా ఎప్పుడూ అశక్తురాలిగానే బతికిన మనిషికి అదే మాట గాయం మీద కారంలా తగులుతుంది. రెండు అనుభవాలూ నిజమే. ఇక్కడ నెగ్గాల్సిన వాదన ఏమీ లేదు, ఎవరికి ఏది పనికొస్తుందో చూసుకోవడమే.

## రకం: జాబితాలో ఒక్క వరుసను చదవడం

మీటింగుల జాబితాలో ఇలా ఒక వరుస కనిపిస్తుందనుకుందాం: "మంగళవారం సాయంత్రం 7 నుంచి 8, క్లోజ్డ్, స్టెప్ స్టడీ, పురుషులు, హైబ్రిడ్." ఇందులో ప్రతి మాటకూ పని ఉంది.

క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవారికే ప్రవేశం. తోడుగా వచ్చిన భార్య, అన్న, స్నేహితుడు బయట ఉండాల్సిందే. ఓపెన్ అని ఉంటే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మొదటిసారి ఒంటరిగా వెళ్లలేనివారు తోడు తీసుకుని క్లోజ్డ్ మీటింగ్ గుమ్మం దాకా వెళ్లి, ఇద్దరూ వెనక్కి వచ్చేయడం తరచూ జరిగే పొరపాటు. స్టెప్ స్టడీ అంటే వారానికో మెట్టు తీసుకుని చర్చించడం, మూడు నాలుగు నెలలుగా వస్తున్నవారికి బాగుంటుంది. ఏఏ మూలగ్రంథాన్ని బిగ్ బుక్ అంటారు, దాన్ని చదివి మాట్లాడుకునేది బిగ్ బుక్ మీటింగ్. స్పీకర్ మీటింగ్‌లో ఒకరిద్దరు తమ కథ మొత్తం చెబుతారు, మిగతావారు వింటారు. నోరు విప్పడానికి భయపడే కొత్తవారికి ఇంతకంటే తేలికైన చోటు లేదు. బిగినర్స్ అని రాసి ఉంటే అది కొత్తవారి కోసమే. హైబ్రిడ్ అంటే కొందరు గదిలో, కొందరు తెర మీద. పై వరుసలోని మంగళవారం మీటింగ్ ఎంత మంచిదైనా, మొదటి వారంలో ఉన్న మనిషికి అది సరైన చోటు కాదు. అదే గ్రూపు వేరే రోజు నడిపే ఓపెన్ స్పీకర్ మీటింగ్ సరిపోవచ్చు.

జాబితాలు పాతబడిపోతుంటాయి కూడా. ధైర్యం చేసి వెళితే తాళం వేసి ఉండటం ఎంత నిరుత్సాహమో చెప్పక్కర్లేదు. హెల్ప్‌లైన్‌కి ముందురోజు ఒక్క ఫోన్ చేస్తే అది తప్పుతుంది. ఆన్‌లైన్ మీటింగులకు వేరే చిక్కు ఉంది: తెర మీద కనిపించేది ఫోన్ ఖాతాలో ఉన్న పేరు, చాలాసార్లు ఇంటిపేరుతో సహా. లోపలికి వెళ్లకముందే దాన్ని మొదటి పేరుకో, పొడి అక్షరాలకో మార్చుకోవాలి. కెమెరా ఆపి ఉంచినా చాలా గ్రూపులు అభ్యంతరపెట్టవు.

## గంటలో ఏం జరుగుతుంది

చాలా మీటింగులు 60 నుంచి 90 నిమిషాలు. ఏఏలో అయితే మొదట పరిచయ పాఠం చదువుతారు. మొదటిసారి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. చెయ్యెత్తితే మొదటి పేరు చాలు, ఎత్తకపోయినా ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఒక్కొక్కరు మాట్లాడతారు, దీన్ని షేరింగ్ అంటారు. తన వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే సరిపోతుంది.

కొత్తవారిని ఆశ్చర్యపరిచేది ఆ తర్వాతి నిశ్శబ్దం. ఒక మనిషి ఏడుస్తూ చెప్పడం ముగించినా ఎవరూ ఓదార్చరు, సలహా ఇవ్వరు, తర్వాతి మనిషి తన మాట మొదలుపెడతాడు. ఇది కఠినత్వం కాదు. ఒకరి మాటకు ఇంకొకరు బదులివ్వడాన్ని క్రాస్‌టాక్ అంటారు. చాలా ఏఏ గ్రూపుల్లో దాన్ని కూడదంటారు, తీర్పు చెప్పేవాళ్లు లేరన్న నమ్మకంతోనే మనిషి నిజం చెప్పగలడని. స్మార్ట్‌లోనూ లైఫ్‌రింగ్‌లోనూ దానికి తలకిందులుగా, పరస్పరం మాట్లాడుకోవడమే మీటింగ్. బదులు రాని మౌనం ఊరటగా అనిపించేవారు ఒక వైపు, గోడకు చెప్పినట్టుందనేవారు ఇంకో వైపు ఉంటారు. పద్ధతి ఎంచుకోవడంలో దేవుడి ప్రశ్న కంటే ఈ ఒక్క తేడా ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

గది పరిమాణం లెక్క కూడా చూడాలి. 60 నిమిషాల్లో చదవడానికి, ప్రకటనలకు, ముగింపుకు 15 పోతే 45 మిగులుతాయి. 15 మంది ఉంటే తలా 3 నిమిషాలు. 6 మంది ఉంటే ఏడెనిమిది నిమిషాలు, కానీ మౌనంగా దాక్కోవడం కుదరదు. 40 మంది ఉంటే ఎక్కువమందికి వంతే రాదు. మాట్లాడాల్సిన అవసరం ఉన్న మనిషి పెద్ద గదిలో నెలల తరబడి నోరు విప్పకుండా కూర్చుని "నాకేం ఉపయోగం లేదు" అనుకోవడం ఈ లెక్క తెలియకే.

అసలు పని చాలావరకు మీటింగ్ ముగిశాక మొదలవుతుంది. కుర్చీలు సర్దేటప్పుడు ఎవరో వచ్చి ఫోన్ నంబర్ల కాగితం చేతిలో పెడతారు. ఏఏలో స్పాన్సర్ అంటే మెట్లు దాటిన అనుభవంతో కొత్తవారికి తోడుండే సభ్యులు. సాధారణంగా స్త్రీలకు స్త్రీలు, పురుషులకు పురుషులు. ఇది జీతం తీసుకునే ఉద్యోగం కాదు, కుదరకపోతే మార్చుకోవచ్చు.

## ఏది పనిచేస్తుంది? పరిశోధనలు చెప్పేది, చెప్పనిది

2020లో వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసింది. ఏఏలో చేరేలా, మెట్లు పాటించేలా నిపుణులు క్రమపద్ధతిలో ప్రోత్సహించినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు సుమారు 42 శాతం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటి ఇతర చికిత్సల్లో 35 శాతం. ఏఏ వైపు ఇది గట్టి సాక్ష్యమే. అయితే ఇది ప్రధానంగా నిపుణుల చేయి పట్టుకుని ఏఏలోకి వెళ్లినవారి లెక్క. తనంతట తాను ఒక సాయంత్రం తలుపు తట్టినవారికి ఇదే అంకె వర్తిస్తుందని చెప్పలేం. 42 మందిని చూసేవారు మిగిలిన 58 మందినీ చూడాలి.

ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద అధ్యయనం 1,726 మందితో, ఏ మనిషికి ఏ చికిత్స అన్న ప్రశ్నకు జవాబు వెతికింది. 1997లో వచ్చిన ప్రధాన ఫలితాల్లో, పన్నెండు మెట్ల దారితో సహా పోల్చి చూసిన మూడు చికిత్సల మధ్యా పెద్ద తేడా తేలలేదు, స్వభావాన్ని బట్టి జతకలపడం వల్ల ఒరిగింది కూడా తక్కువే. కానీ ఒక ఆసక్తికరమైన సంగతి తర్వాత బయటపడింది: చుట్టూ తాగే స్నేహితులే ఉన్నవారికి మూడేళ్ల తర్వాత పన్నెండు మెట్ల దారి ఎక్కువ మేలు చేసింది. మీటింగ్ వాళ్లకు కొత్త స్నేహితుల్ని ఇచ్చిందన్నది దానికి చెప్పిన ప్రధాన కారణం. 2018లో విమెన్ ఫర్ సోబ్రైటీ, లైఫ్‌రింగ్, స్మార్ట్‌లను పన్నెండు మెట్ల గ్రూపులతో పోల్చిన అధ్యయనం మరో ముక్క చేర్చింది. పూర్తిగా మానాలన్న లక్ష్యం ఒకేలా ఉన్నవారిని పోలిస్తే ఫలితాల్లో తేడా దాదాపు లేదు. గ్రూపులో ఎంతగా కలిసిపోయారన్నది లెక్కకు వచ్చింది.

ఇలాంటి పరిశీలనల్లో ఒక మెలిక ఎప్పుడూ ఉంటుంది. ఎక్కువ మీటింగులకు వెళ్లినవారు ఎక్కువగా మానేశారంటే, మీటింగ్ మాన్పించిందా, మానాలన్న పట్టుదల ఉన్నవారే ఎక్కువగా వెళ్లారా? చీటీ వేసి మనుషుల్ని గుంపులుగా విడదీసిన అధ్యయనాలకు విలువ ఎక్కువ ఇచ్చేది అందుకే. కోక్రేన్ లెక్కలో అలాంటివి చాలా ఉన్నాయి.

## గది: ఎక్కడ చెడుతుంది

ఏఏలో ప్రతి గ్రూపూ తన వ్యవహారం తానే చూసుకుంటుంది. పైనుంచి తనిఖీ చేసే అధికారులు ఉండరు. ఒకే పేరుతో నడిచే రెండు గదులకు పోలికే ఉండకపోవడానికి కారణం అదే.

"మందులు వేసుకుంటే అది మానినట్టు కాదు" అనే మాట కొన్ని గదుల్లో వినపడుతుంది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, డైసల్ఫిరామ్ మద్యం మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మందులు. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. సభ్యులెవరూ డాక్టరు పాత్ర వేయకూడదని ఏఏ సొంత ప్రచురణే చెబుతుంది. కాబట్టి ఆ మాట ఆ మనిషిదే గానీ ఏఏది కాదు. కొత్తగా వచ్చిన, మనసు బలహీనంగా ఉన్నవారితో ప్రేమ వ్యవహారాలకు దిగే పాతవారు ఇంకో ప్రమాదం. సభ్యులు దాన్ని పదమూడో మెట్టు అని నీచంగా చూస్తారు. స్త్రీలకు మాత్రమే నడిచే మీటింగులు విలువైనవి కావడానికి ఇదొక కారణం. అప్పు అడగడం, వ్యాపారంలో చేర్చుకోవడం, ఇంట్లోవాళ్లకు దూరం కమ్మనడం కూడా గది వదిలేయడానికి చాలినన్ని కారణాలు.

ఇక పేర్ల గోప్యత సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట, డాక్టరుకు ఉన్నట్టు చట్టబద్ధమైన బాధ్యత కాదు. కోర్టులో ఉన్న కేసు, చేసిన నేరం లాంటివి గదిలో కాక వకీలు దగ్గరో కౌన్సెలర్ దగ్గరో చెప్పుకోవాల్సినవి.

చెడ్డ సాయంత్రానికీ చెడ్డ గదికీ తేడా మాత్రం ఒక్కసారికి తెలియదు. మైకు వదలని పెద్దమనిషి వచ్చే వారం రాకపోవచ్చు. పైన చెప్పిన ప్రమాదాలు లేనప్పుడు ఒకే గదికి మూడు సార్లు వెళితే గాని దాని తీరు బయటపడదు.

## మూడు పరిస్థితులు

రాత్రి డ్యూటీ చేసే, దేవుడి మాట ఎత్తితే చిరాకుపడే మనిషిని ఊహించుకుందాం. ఆయనకు పద్ధతి స్మార్ట్ లేదా లైఫ్‌రింగ్, రూపం ఆన్‌లైన్, సమయం డ్యూటీ ముగిసిన పొద్దున. తీరా చూస్తే ఆ వేళకు దొరికేది నాస్తికుల ఏఏ గ్రూపు ఒక్కటే అయితే, పేరు చూసి వదులుకోవడం కంటే కూర్చుని చూడటం మేలు. దొరికిన మీటింగ్‌కు ఉన్న బలం దొరకని మీటింగ్‌కు లేదు.

భక్తి ఉన్న మనిషి, స్నేహితులందరూ తాగేవాళ్లే, సాయంత్రాలే గండం. ఇక్కడ ఏఏ చక్కగా నప్పుతుంది. రోజూ సాయంత్రం తెలిసిన మొహాల మధ్య కూర్చునే చోటు, రాత్రి పది గంటలకు ఫోన్ ఎత్తే స్పాన్సర్, ఇవన్నీ ఆ గండం వేళకు తగినవి.

ఇంట్లో హింస అనుభవించి, ఆ బాధలో తాగుడుకు అలవాటుపడిన స్త్రీ. ఆమెకు పద్ధతి కంటే ముందు గదే ముఖ్యం. స్త్రీలు మాత్రమే ఉండే మీటింగ్, అది ఏఏ అయినా విమెన్ ఫర్ సోబ్రైటీ అయినా, దానికి తోడు గాయాలను చూడగల కౌన్సెలర్ కావాలి. గ్రూపు ఆ రెండో పని చేయలేదు.

## జారినప్పుడు

మానినవారు మళ్లీ తాగడాన్ని స్లిప్ అంటారు. మీటింగులకు రావడం ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఏడు నెలల లెక్క పోయి మళ్లీ ఒకటో రోజు చెప్పాల్సి వస్తుందన్న సిగ్గుతో. రోజుల లెక్క కొందరికి ఊతం, కొందరికి ఉరి. ఏఏలో మైలురాళ్లకు బిళ్లలు ఇచ్చే ఆనవాయితీ ఉంది. స్మార్ట్‌లో లెక్కకు అంత ప్రాధాన్యం లేదు, జారడానికి ముందు ఏ ఆలోచన వచ్చింది, ఏ చోట, ఎవరితో అని విప్పి చూస్తారు. వారాల తరబడి మానాక మళ్లీ పాత మోతాదులో తాగితే ఒళ్లు తట్టుకోలేదన్న సంగతీ, రోజుల తరబడి తాగి మళ్లీ ఆపుతుంటే డాక్టరు అవసరం తిరిగి వస్తుందన్న సంగతీ ఇక్కడ గుర్తుండాలి.

గది ఎలాంటిదో నికరంగా తేలేది కూడా అప్పుడే. ఎవరో తలవంచుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చుని "ఇవాళ నాకు ఒకటో రోజు" అన్నప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందో గమనించండి. "ముందే చెప్పాం కదా" అన్న చూపులు కనిపిస్తే ఇంకో గది వెతుక్కోవచ్చు. పక్కనున్నవారు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, "రేపు పొద్దున ఎన్నింటికి ఫోన్ చేయను?" అని అడిగితే, ఆ గ్రూపు వారంలో ఇంకే రోజుల్లో కలుస్తుందో రాసి పెట్టుకోండి.